ఆయా, నర్సమ్మ, నర్సు: మిషను ఆసుపత్రులు వేసిన మెట్లు

శతాబ్ది సంచికల్లో సాధారణంగా అధ్యక్షుల ఫోటోలు, డాక్టరు దొరసానుల పేర్లు, కట్టడాలకు పునాదిరాయి వేసిన తేదీలు అచ్చవుతాయి. అది సబబే. అయితే మిషను ఆసుపత్రులను నడిపిన చేతుల్లో ఎక్కువ భాగం పేరు లేని చేతులు. బెడ్‌పాన్లు కడిగినవారు, కట్టు గుడ్డలు ఉడకబెట్టినవారు, కాన్పు గదిలో లాంతరు పట్టుకొని తెల్లవార్లూ నిలబడినవారు. వీరిలో కొందరు నర్సులయ్యారు, చాలామంది కాలేదు. కొందరు పైకెక్కడానికీ, తక్కినవారు కింది మెట్టు మీదనే ఉండిపోవడానికీ కారణమేమిటన్నది ఈ వ్యాసంలో మేము పరిశీలించదలచిన సంగతి.

పరిచారకురాలు అన్న మాట మనకు కొత్త కాదు. రోమా పత్రిక 16వ అధ్యాయంలో పౌలు ఫీబేను పిలిచిన మాట అదే. 1836లో జర్మనీలోని కైజర్స్‌వెర్త్‌లో ఫ్లీడ్నర్ అనే పాదిరిగారు ఆ మాటనే ఆధారం చేసుకొని స్త్రీలకు రోగుల సేవలో శిక్షణ మొదలుపెట్టారు. ఫ్లారెన్స్ నైటింగేల్ 1851లో అక్కడికే వెళ్లి నేర్చుకొన్నారు. 1860లో లండనులో ఆమె పెట్టించిన నర్సింగు పాఠశాల సంగతి అందరికీ తెలిసినదే.

ఇక మన తెలుగు నేలకు వద్దాము. 1883లో డాక్టర్ అన్నా సారా కుగ్లర్ అమెరికా లూథరన్ మిషను తరఫున గుంటూరు చేరారు. ఆమె డాక్టరే అయినా మిషను ఆమెను మొదట వైద్యం కొరకు పంపలేదు, స్త్రీల మధ్య పనికి, బడి పనికి పంపింది. రోగులే ఆమెను వెతుక్కొంటూ వచ్చారు. 1898లో స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి తెరిచారు. ఆ దశకంలోనే కేథరిన్ ఫాస్ అనే శిక్షణ పొందిన నర్సు ఆమెకు తోడుగా వచ్చారు. ఒక డాక్టరు, ఒక నర్సు ఉన్నంత మాత్రాన ఆసుపత్రి నడుస్తుందా? చేతికింద మనుషులు కావాలి. పరాయివారి రక్తం, చీము ముట్టుకోవడం మైల అని ఎంచే రోజులవి. మంచి ఇంటి ఆడపిల్ల రాత్రిపూట ఇల్లు విడిచి పనిచేయడం అంటేనే నలుగురూ నవ్వేవారు. అందువలన మిషను ఆసుపత్రులు ఎక్కడ వెలసినా మొదట వచ్చినది బోర్డింగు బడిలో చదివిన మన పిల్లలు, విధవరాండ్రు, ఏ ఆధారమూ లేని స్త్రీలు. రెండవ ప్రపంచ యుద్ధం నాటికి కూడా ఈ దేశంలోని నర్సుల్లో పదింట తొమ్మిదిమంది క్రైస్తవులేనని ఒక అంచనా. దీనికి మనం గర్వపడవచ్చును గాని, ఇతరులు వద్దన్న పని గనుకనే అది మనవారికి దక్కిందన్న మాట కూడా మరువరాదు.

వేలూరులో ఈ మెట్లు మరింత స్పష్టంగా కనబడతాయి. డాక్టర్ ఐడా స్కడర్ 1900లో తండ్రిగారి బంగళాలో ఒక చిన్న గదిలో మందులివ్వడం మొదలుపెట్టారు. 1902లో షెల్ ఆసుపత్రి లేచింది. 1903లో కాంపౌండర్ల శిక్షణ, 1909లో నర్సుల శిక్షణ, 1918లో స్త్రీలకు వైద్య పాఠశాల, 1946లో నర్సింగులో బి.యస్సీ. డిగ్రీ వచ్చాయి. ముందు చేతికింది మనిషిని తయారుచేసి, ఆ పునాది మీద పై అంతస్తు కట్టారన్నమాట.

మెట్టెక్కడానికి అడ్డు తెలివి కాదు, భాష. ఆనాటి శిక్షణలో రెండు తరగతులుండేవి. ఇంగ్లీషు వచ్చినవారికి పై తరగతి, దేశభాషలో చదివినవారికి కింది తరగతి. నాడి పట్టి గడియారం చూసి లెక్కపెట్టడం, జ్వరం చార్టు గీయడం, సూదులు మరగబెట్టడం ఇద్దరూ చేసేవారే. సర్టిఫికెట్టు మాత్రం వేరు, జీతం వేరు. 1926లో మద్రాసు రాష్ట్రంలో నర్సుల, మంత్రసానుల చట్టం వచ్చి రిజిస్టరు ఏర్పడ్డాక పేరు రిజిస్టరులో ఉన్నవారికీ లేనివారికీ మధ్య గీత మరింత లోతుగా పడింది. రోగి క్షేమం కొరకు ఆ గీత అవసరమే. కాని పదేళ్లుగా వార్డులో పనిచేసిన ఆయా ఆ గీత ఇవతలనే ఉండిపోయింది.

1946లో భోర్ కమిటీ లెక్క తీస్తే 43 వేలమందికి ఒక్క నర్సు తేలింది. ఆ లోటు తీర్చడానికి పుట్టినదే ఏ.ఎన్.ఎం. చదువు. దాని మొదటి పాఠశాల 1951లో పంజాబులోని తరన్ తారన్‌లో సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో, అంటే మళ్లీ ఒక మిషను ఆసుపత్రిలోనే, మొదలయింది. ఏడెనిమిది తరగతులు చదివిన పిల్లకు రెండేళ్లు, తన భాషలోనే శిక్షణ. మన పల్లెల్లో నర్సమ్మ అని పిలుచుకొన్నది ఈమెనే. 1977లో పాఠ్యక్రమం మార్చి, పదవ తరగతి అడిగి, పద్దెనిమిది నెలలు చేశారు. కొన్నేళ్లు పనిచేసినవారికి ఆరు నెలల శిక్షణతో ఆరోగ్య పర్యవేక్షకురాలు కావడానికి దారి ఏర్పడింది. 2012 నుండి ఇంటర్మీడియటు, రెండేళ్లు. ప్రతి మార్పుతోనూ రోగికి మేలు జరిగింది. ప్రతి మార్పుతోనూ బడి మానిన పేదింటి పిల్లకు గడప ఒక జానెడు ఎత్తయింది. ఈ రెండు మాటలూ నిజమే.

రిజిస్టరయిన ఏ.ఎన్.ఎం. జి.ఎన్.ఎం.లో చేరవచ్చుననీ, జి.ఎన్.ఎం. ముగించినవారు పోస్ట్ బేసిక్ బి.యస్సీ. చేయవచ్చుననీ మన ఇళ్లలో చాలామందికి తెలియదు. ఆ తెలియనితనం మీద బతికేవారున్నారు. మేము సేవచేసిన ఒక పాస్టరేటులో ఒక తల్లి చెవి కమ్మలు అమ్మి కూతురిని ఊళ్లో మేడమీది "నర్సింగు" శిక్షణలో చేర్పించింది. ఆరు నెలలకు అందమైన సర్టిఫికెట్టు వచ్చింది. దానితో ఏ కౌన్సిలులోనూ పేరెక్కదు. ఆ పిల్ల ఇప్పుడు ఒక ప్రయివేటు ఆసుపత్రిలో తెల్లబట్టలు వేసుకొని ఆయా జీతం మీద సూదులు వేస్తున్నది. వందేళ్ల కిందటి ఆయాకు సర్టిఫికెట్టు లేకపోయినా, తాను ఎవరో తెలుసును. ఈ పిల్లకు ఆ సంగతి కూడా చెప్పినవారు లేరు.

జనరల్ డ్యూటీ అసిస్టెంట్ వంటి కొద్దినెలల శిక్షణలు చెడ్డవని మేము అనడం లేదు. మంచం పట్టిన పెద్దవారిని చూచుకోవడానికి అవి పనికివస్తాయి, కూడు పెడతాయి. అవి నర్సింగులోనికి పోయే మెట్లు కావని చేరేముందే చెప్పాలి. డబ్బు కట్టేముందు తల్లిదండ్రులు రెండు ప్రశ్నలడగాలి: ఈ పాఠశాల పేరు రాష్ట్ర నర్సింగు కౌన్సిలు గుర్తించిన జాబితాలో ఉన్నదా? ముగించాక మా పిల్ల పేరు రిజిస్టరులో ఎక్కుతుందా?

వేలూరు వంటి చోట్ల సంఘాలు సిఫారసు చేసి పంపే అభ్యర్థులకు స్థానాలున్నాయి. చదువయ్యాక పంపిన సంఘం ఆసుపత్రిలో కొంతకాలం పనిచేయాలన్నది నిబంధన. ఈ సిఫారసు అడిగేవారు తరచు పట్నపు పాస్టరేటుల ఇంగ్లీషు బడుల పిల్లలే. పల్లె పాస్టరేటుల్లో ఇంటర్ చదువుతున్న ఆడపిల్లల పేర్లు కమిటీ పెద్దలు ఇప్పుడే రాసి పెట్టుకొంటే, వారి ఇంగ్లీషు కొరకు ఒక వేసవి సెలవులు కేటాయించవచ్చును. పిల్లలకు బస, భోజనం మా పాస్టరేటు హాలులో ఏర్పాటు చేయడానికి మేము సిద్ధంగా ఉన్నాము.