పది మంది పైసలతో పత్తాలు

ఈసారి వార్షిక నివేదికలో మా సంఘం చేసిన పని గురించి రాయమన్నారు. మేము చేసింది ఒక చిన్న పత్తాల ఆట. ముందే పైసలు కట్టించుకొని, తయారు చేయించి, కట్టిన వాళ్ళ ఇంటికి చేర్చినం. రాయడానికి కూర్చున్నాక తెలిసింది, ఈ పని మాతో మొదలైంది కాదని. పత్తాలకు ఐదొందల ఏళ్ళ కథ ఉంది. పది మంది పైసలు కలిపి ఒక వస్తువు చేయడానికి కూడా కథ ఉంది. ఆ రెండూ చెప్పి, మా లెక్క చెప్తాను. తప్పులు దాచలేదు. రేపు ఇంకో సంఘం ఇట్లాంటి పని పెట్టుకుంటే పనికొస్తుందని రాస్తున్నాను.

పత్తాలంటే ఎందుకు కోపం

మన రావిర్యాలలో పత్తాలు అని పేరెత్తితే ఆడవాళ్ళు మొహం తిప్పుకుంటారు. కారణం అందరికీ తెలిసిందే. 2008లో శంషాబాద్ ఎయిర్‌పోర్టు మొదలైంది. ఔటర్ రింగు రోడ్డు వచ్చింది. భూముల రేట్లు పెరిగినయి. భూమి అమ్మిన పైసలు కొన్ని ఇళ్ళల్లో చదువులకు, పెళ్ళిళ్ళకు పోయినయి, కొన్ని ఇళ్ళల్లో పత్తాలాటకు పోయినయి.

2024 ఆషాఢంలో సంఘం మీటింగులో నేను పత్తాల మాట తెచ్చినప్పుడు మా పెద్ద వదిన లేచి నిలబడింది. "ఊర్ల ఉన్న పత్తాలు చాలవా? సంఘం పేరు మీద మనం కూడ పంచాల్నా?" అన్నది. ఆమె ఇల్లు పత్తాల్లోనే పోయింది. ఎవరం జవాబు చెప్పలేకపోయినం.

నేను చెప్పింది పైసల ఆట కాదు, బతుకమ్మ పూల ఆట. ఇప్పుడు మన చుట్టూ అపార్ట్‌మెంట్లు, వెంచర్లు వచ్చినయి. అక్కడి పిల్లలకు తంగేడు ఏదో, గునుగు ఏదో తెలియదు. మన పిల్లలకు కూడా తెలియకుండా పోతున్నది, ఎందుకంటే ఆ పూలు పూసిన బీళ్ళే లేవు. తంగేడు, గునుగు, కట్ల, బంతి, చామంతి, గుమ్మడి, తామర, రుద్రాక్ష, గన్నేరు. తొమ్మిది పూలు, ఒక్కో పువ్వుకు నాలుగు పత్తాలు. తొమ్మిది వరుసలు ముందు పేర్చిన వాళ్ళు గెలిచినట్టు. ఆరో రోజు అలిగిన బతుకమ్మ కదా, ఆ రోజు ఆడరు. అందుకే నాలుగు 'అలిగిన' పత్తాలు పెట్టినం, అది వస్తే ఒక వంతు ఆగాలె. మొత్తం 40 పత్తాలు.

పత్తాల పాత కథ

అచ్చు పత్తాలు రాకముందు మన దేశంలో గంజీఫా ఆడేవాళ్ళు. ఆ పత్తాలు ఎక్కువగా గుండ్రంగా ఉండేవి. మొగలుల గంజీఫాలో ఎనిమిది రంగులు, రంగుకు 12 చొప్పున 96 పత్తాలు. తర్వాత దశావతారాల గంజీఫా వచ్చింది, దానిలో పది అవతారాలకు 120 పత్తాలు. రాజుల కోసం ఏనుగు దంతం మీద, తాబేలు చిప్ప మీద గీసేవాళ్ళు. మామూలు జనానికి బట్ట అతికించి, చింతగింజల జిగురు, సున్నం పూసి, నున్నగా రుద్ది, రంగులు వేసి, లక్క పూసేవాళ్ళు. మన తెలంగాణలో నిర్మల్ నకాషీలు కూడా గంజీఫా పత్తాలు చేసినవాళ్ళే. చింతగింజల జిగురు మన చేర్యాల బొమ్మల వాళ్ళు ఇప్పటికీ వాడుతున్నారు.

బాబరు చక్రవర్తి తన జీవిత కథలో ఒక మాట రాసుకున్నాడు. 1527లో సింధు దేశంలో ఉన్న షా హసన్‌కు గంజీఫా అంటే ఇష్టమట, కావాలని అడిగితే ఆగ్రా నుంచి ఒక మనిషి చేతికిచ్చి పంపించాడట. అడిగిన వాళ్ళ కోసం పత్తాలు పంపించడం ఐదొందల ఏళ్ళ కిందటి మాట అన్నమాట. అయితే అప్పుడు పంపినాయన చక్రవర్తి, దారి ఖర్చు లెక్క ఆయనకు అక్కర లేదు. మాకు అక్కరైంది, అది ముందు ముందు చెప్తాను.

చేత్తో చేసే పత్తాలు ఖరీదు, ఒక్కో కట్టకు రోజులు పట్టేది. యూరపు నుంచి మిషను మీద అచ్చైన 52 పత్తాలు చవకగా వచ్చాక గంజీఫా మూలకు పడింది. చవకైన పత్తాలతో పైసల ఆట కూడా పెరిగింది. అంటే మా వదిన కోపం పత్తా మీద కాదు, పత్తా మీద పెట్టిన పందెం మీద.

పది మంది పైసల కథ

ఒక వస్తువు కావాలనుకునే వాళ్ళు ముందే తలా ఇంత వేసుకొని దాన్ని చేయించుకోవడాన్ని ఇప్పుడు క్రౌడ్ ఫండింగ్ అంటున్నారు. పేరు కొత్తదే, పని మనకు తెలిసిందే.

1976లో 'మంథన్' అని హిందీ సినిమా వచ్చింది. గుజరాత్‌లో ఐదు లక్షల మంది పాడి రైతులు తలా రెండు రూపాయలు వేస్తే పది లక్షలైనయి, ఆ పైసలతో తీసిన సినిమా అది. కథ కూడా పాల సంఘం కథే. తీసిన శ్యామ్ బెనెగల్ మన తిరుమలగిరిలో పుట్టినాయన. ఇప్పుడు మన రావిర్యాలలోనే విజయ డెయిరీ పెద్ద ప్లాంటు ఉంది కాబట్టి, పాల పైసల విలువ మనకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు.

మన సంఘాలు పుట్టింది కూడా ఇట్లనే. 1992లో నాబార్డు సంఘాలకు బ్యాంకు అప్పు ఇప్పించే పని మొదలుపెట్టింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా వద్దని ఆడవాళ్ళు లేచింది కూడా ఆ రోజుల్లోనే. సారా పోతే మిగిలిన పైసల్లోంచి రోజుకు ఒక రూపాయి పొదుపు అని సంఘాలు పెరిగినయి. ఒక్క రూపాయికి బలం లేదు, వెయ్యి మంది రూపాయిలకు బ్యాంకు మేనేజరు కుర్చీ వేసినాడు.

అమెరికాలో 2009లో కిక్‌స్టార్టర్ అనే కంపెనీ ఈ పనిని ఇంటర్నెట్ మీదకు తెచ్చింది. నేను ఫలానా వస్తువు చేస్తాను, ఇంత పైసలు కావాలె, ఫలానా నెలలో ఇస్తాను అని చెప్పుకుంటారు. ఇష్టమైన వాళ్ళు ముందే కడతారు. అనుకున్న మొత్తం రాకపోతే ఎవరి పైసలు వాళ్ళ దగ్గరే ఉంటాయి. మొత్తం వస్తే కంపెనీ నూటికి ఐదు తన ఫీజు పట్టుకుంటుంది. దీంట్లో పత్తాల ఆటలు చేసినవాళ్ళు చాలా మంది ఉన్నారు. ఇద్దరి సంగతి చెప్తాను.

2015లో 'ఎక్స్‌ప్లోడింగ్ కిటెన్స్' అని పిల్లి బొమ్మల పత్తాలాట. వాళ్ళు అడిగింది పది వేల డాలర్లు. వచ్చింది 87 లక్షల డాలర్లకు పైన, కట్టిన వాళ్ళు 2,19,382 మంది. ఆ ఏడాదే పత్తాలు అచ్చు వేయించి పంపించారు.

ఇంకొకటి 2012 నాటిది, 'అసైలం' అనే పత్తాల కట్ట. 810 మంది 25,146 డాలర్లు కట్టారు. ఆ డిసెంబరుకు ఇస్తామన్నారు. డిసెంబరు పోయింది, ఏడాది పోయింది, పత్తాలు రాలేదు. కొన్నాళ్ళకు జవాబు కూడా రాలేదు. 2014లో వాషింగ్టన్ రాష్ట్ర ప్రభుత్వమే కోర్టుకు పోయింది. 2015లో తీర్పు వచ్చింది, మొత్తం 54,851 డాలర్లు కట్టాలని. దాంట్లో ఆ రాష్ట్రంలో ఉన్న 31 మందికి తిరిగి ఇవ్వాల్సింది 668 డాలర్లే. మనిషికి వెయ్యి చొప్పున 31 వేల జరిమానా, మిగిలింది కోర్టు ఖర్చులు. మనిషికి పోయింది పది ఇరవై డాలర్లు కావచ్చు, మాట తప్పినందుకు వెయ్యి పడింది.

అందరూ ఇట్లా ఎగ్గొడతారని కాదు. అదే ఏడాది ఒక యూనివర్సిటీ ప్రొఫెసరు కిక్‌స్టార్టర్‌లో పైసలు కట్టిన 47 వేల మందిని అడిగి లెక్క తీశాడు. నూటికి తొమ్మిది పనులు వస్తువు ఇవ్వకుండానే పోయినయని తేలింది. ఇచ్చిన వాటిలో కూడా ఆలస్యమైనవి ఉన్నాయి. మోసం చేయాలని మొదలుపెట్టే వాళ్ళు తక్కువ. ఖర్చు తక్కువగా లెక్కేసుకొని మునిగే వాళ్ళే ఎక్కువ. మేము కూడా ఆ దారిలో కొంత దూరం పోయి వచ్చినం.

మా లెక్క, మా తప్పు

డబ్బాకు 200 రూపాయలు పెట్టినం. పైసలు నా ఫోన్‌కు కాదు, సంఘం బ్యాంకు ఖాతాకే వేయమన్నం. ప్రతి ఒక్కరికీ నంబరు వేసి రసీదు ఇచ్చినం. స్కూలు టీచర్లు, అపార్ట్‌మెంట్ల వాళ్ళు, దూరాన ఉన్న మన ఊరి ఆడబిడ్డలు కట్టారు. 214 డబ్బాలకు 42,800 వచ్చింది. 300 డబ్బాలకు తక్కువైతే అచ్చు వేయనన్నారు ప్రెస్సు వాళ్ళు. బతుకమ్మ పండుగకు ముందే ఇస్తామని మాటిచ్చినం.

ప్రెస్సు పని మాకు కొత్త. పెద్ద అట్ట కాగితం మీద పత్తాలన్నీ ఒకేసారి అచ్చు పడతాయి, పైన ప్లాస్టిక్ పొర వేస్తారు, తర్వాత అచ్చుతో కోసి మూలలు గుండ్రం చేస్తారు. డబ్బాలో సర్దే కూలి మిగులుతుందని ఆ పని మేమే తీసుకున్నం. 300 కట్టలు, కట్టకు 40, మొత్తం 12,000 పత్తాలు. మా ఇంటి ముందర చాపలు పరిచి పది మందిమి కూర్చున్నం.

రెండో రోజు సాయంత్రం ఒక సభ్యురాలి చిన్న బిడ్డ వాళ్ళమ్మతో ఆడుతూ, "అమ్మా, నీ చేతిలో తంగేడు ఉంది" అన్నది. ఎట్లా తెలిసింది అంటే, వెనుక రంగు చూపించింది. తంగేడు పత్తాల వీపు మిగతా వాటి కంటే కొంచెం ముదురుగా పడింది. అప్పటికే పండుగ దగ్గర పడింది. సగం మంది, "పిల్లల ఆటే కదా, ఎవరు చూస్తరు, ఇచ్చేద్దాం" అన్నరు. నిజం చెప్పాలంటే నేను కూడా అదే అనుకున్నాను.

అప్పుడు మా వదిన అన్నది: "గుర్తు పెట్టిన పత్తాలతోనే మా ఇల్లు పోయింది. మీ అన్నకు ఆఖరు దాక తెల్వలే. పైస లేకున్నా పత్తా పత్తానే. గుర్తున్న పత్తా మన చేతుల మీదికెళ్ళి పోవద్దు."

ఇంక ఎవరం మాట్లాడలేదు. ఆ రాత్రే తీర్మానం రాసినం. మళ్ళీ అచ్చు వేసే కూలి ప్రెస్సు వాళ్ళు వదులుకున్నారు, కాగితం ఖర్చు మాది. 1,200 తంగేడు పత్తాలు రంగు కలిపి మళ్ళీ అచ్చైనయి. పండుగ దాటిపోయింది. పైసలు కట్టిన ప్రతి ఒక్కరికీ వాట్సాప్‌లో జరిగింది జరిగినట్టు చెప్పినం, వద్దనుకుంటే వారంలో పైసలు వాపస్ ఇస్తామన్నం. తొమ్మిది మంది వాపస్ అడిగారు, 1,800 ఇచ్చేసినం. మిగిలిన 205 డబ్బాలు నవంబరులో ఇచ్చినం.

ఇవ్వడంలో ఇంకో తప్పు బయటపడింది. 200 రూపాయల్లో పోస్టు ఖర్చు మేము లెక్కేయలేదు. ఊర్లో నడిచి ఇచ్చినం, కానీ 61 డబ్బాలు బయటికి పోవాలె. మన ఇండ్ల మీది నుంచి విమానాలు పోతుంటాయి కదా, పంపించడం ఎంత పని అనుకున్నం. విమానం మన నెత్తి మీది నుంచి పోయినా పార్సిల్ మాత్రం తూకం వేసి, పైసలు కట్టి, పోస్టాఫీసు కిటికీ నుంచే పోవాలె. ఒక్కోదానికి కవరుతో కలిపి 63 రూపాయలైంది.

జమ: 205 డబ్బాలకు 41,000. ఖర్చు: అచ్చు 28,800, బొమ్మలు గీసిన అమ్మాయికి 5,000, డబ్బాలకు 2,100, తంగేడు కాగితానికి 4,200, పోస్టుకు 3,843. మొత్తం 43,943. లోటు 2,943. ఆ లోటు సంఘం నిధి నుంచి పెట్టి, పుస్తకంలో రాసినం. అలమరలో 95 డబ్బాలు మిగిలినయి. 2025 బతుకమ్మకు వాటిలో 70 చేతికి చేతి అమ్మినం, 14,000 వచ్చింది. లోటు పోను 11,057 మిగిలింది. అయితే పది మంది ఆడవాళ్ళు పత్తాలు సర్దిన రోజుల కూలి దీంట్లో లేదు. అది కూడా లెక్కేస్తే మిగులు చాలా తగ్గుతుంది. మన కష్టాన్ని మనమే సున్నా రాసుకోవడం మా మూడో తప్పు.

వచ్చే సంఘానికి

ముందు తీసుకున్న పైసలు లాభం కాదు, అప్పు. బ్యాంకు అప్పుకు కిస్తీ తేదీ ఉన్నట్టే, దీనికి వస్తువు ఇచ్చే తేదీ ఉంది. మనం రోజూ చెప్పుకునే పంచసూత్రాలే దీనికి కూడా సరిపోతాయి: మీటింగు, పొదుపు, అప్పు, తిరిగి కట్టడం, పుస్తకం. వాటికి తోడు మేము నేర్చుకున్నవి ఇవి. రేటు పెట్టే ముందు పోస్టు ఖర్చు, మన కూలి కలపాలె. మొత్తం అచ్చు వేయించే ముందు ఒక్క కట్ట తెచ్చుకొని పిల్లలతో ఆడించి చూడాలె. పండుగ తేదీకి నెల ముందు తేదీ పెట్టుకోవాలె. ఆలస్యమైతే వాళ్ళు అడగకముందే మనమే చెప్పాలె.

ఇంకా 25 డబ్బాలు ఉన్నాయి. మా వదిన ఒకటి తీసుకుపోయింది, పైసలు కట్టి, రసీదు అడిగి తీసుకున్నది. సాయంత్రం పూట మనవరాలితో ఆడుతున్నది. పత్తాలు మాత్రం ఆమే పంచుతుంది, ఒక్కో పత్తా వీపు చూసి మరీ పంచుతుంది.