ఓటుకు రాని పెత్తనం: యాప్రాల్ పరిసరాల్లో పోలీసు అధికారం

అమెరికాలో కౌంటీ అనే పరిపాలనా విభాగానికి శాంతిభద్రతల అధిపతిగా ఉండే షెరీఫ్ పదవి చాలా రాష్ట్రాల్లో ఎన్నికతోనే దక్కుతుంది కాబట్టి, ఆ పదవిని ఆశించేవాడు ఊరూరా తిరిగి, సంఘాల సమావేశాల్లో మాట్లాడి, దొంగతనాలను ఎలా అరికడతాడో, జైలును ఎలా నడుపుతాడో ఓటర్లకు చెప్పుకోవలసి ఉంటుంది. ఇంగ్లండులో రాజు నియమించిన ఈ పదవి వలస రాజ్యాల ద్వారా అట్లాంటిక్ దాటిన తరువాత, 1776 నాటి మేరీలాండ్ రాజ్యాంగంతో మొదలుపెట్టి క్రమంగా ప్రజల ఎన్నికకు వచ్చింది. సికింద్రాబాదుకు ఉత్తరాన, కంటోన్మెంటును ఆనుకొని ఉన్న యాప్రాల్‌లో పంచాయతీ, మునిసిపాలిటీ, శాసనసభ, లోక్‌సభ అంటూ తరతరాలుగా ఓట్ల పండుగలు జరిగినా, పోలీసు పదవి కోసం ఇంటి గడప ఎక్కిన అభ్యర్థి మాత్రం ఎన్నడూ లేడు. ఈ లోటు యాదృచ్ఛికం కాదు. దానికి సుదీర్ఘమైన చరిత్ర ఉంది.

షెరీఫ్ అనే పేరు తెలుగువారికి బొత్తిగా కొత్తది కాదు. 1726 నాటి రాజశాసనంతో మద్రాసు, బొంబాయి, కలకత్తా నగరాల్లో మేయర్ కోర్టులు ఏర్పడినప్పుడు, వాటి సమన్లు అందజేయడానికీ తీర్పులు అమలు చేయడానికీ షెరీఫ్ పదవి కూడా వచ్చింది. అయితే ఆ అధికారిని గవర్నరు, ఆయన సలహామండలి కలిసి ఏటా ఎంపిక చేసేవారే తప్ప పురజనుల ప్రమేయం ఉండేది కాదు. కాలక్రమంలో అసలు పని తగ్గి, పౌరులు లిఖితపూర్వకంగా కోరినప్పుడు బహిరంగసభ పిలవడం, ప్రముఖ అతిథులకు స్వాగతం చెప్పడం వంటి లాంఛనాలు మిగిలిన ఈ పదవి హైదరాబాదు సంస్థానంలోకి రాలేదు. 1798 నాటి సైన్యసహకార ఒప్పందం ప్రకారం వచ్చిన ఈస్టిండియా కంపెనీ సేనల విడిదిగా మొదలై, 1806లో నిజాం సికందర్ జా పేరిట సికింద్రాబాదుగా స్థిరపడిన ప్రాంతంలో న్యాయ, పోలీసు వ్యవహారాలు బ్రిటిషు రెసిడెంటు పర్యవేక్షణలో నడిచాయి. దాని సరిహద్దు దాటిన పల్లెలు నిజాం పాలనలో ఉండేవి కనుక యాప్రాల్ వంటి ఊళ్లు రెండు వేర్వేరు అధికారాల అంచున బతికాయి. రెండింటిలో ఏదీ జనాన్ని అడిగి ఏర్పడినది కాదు.

నిజాం తెలంగాణలో ఊరిని ముగ్గురు గ్రామాధికారులు నడిపేవారు. శిస్తు వసూలు చేసేవాడు మాలీ పటేలు, లెక్కలు రాసేవాడు పట్వారీ, శాంతిభద్రతలు చూసేవాడు పోలీసు పటేలు. ఇవి వతన్లు, అంటే తండ్రి నుండి కొడుకుకు సంక్రమించే హక్కులు. వతన్‌దారుకు పని చేయడం ఇష్టం లేకపోయినా, చిన్నవాడైనా, అతని బదులు గుమాస్తా పటేలు పని నడిపేవాడు. హక్కు మాత్రం ఇంటి గడప దాటేది కాదు. నిజాం దివాను మొదటి సాలార్‌జంగు 1860లలో జిల్లాలను ఏర్పరచి, వేతనం పొందే పోలీసు శాఖను నెలకొల్పినప్పుడు కూడా ఈ అట్టడుగు మెట్టును తాకలేదు. ఠాణాలో అమీను, అంటే నేటి ఇన్‌స్పెక్టరుకు సమానమైన అధికారి, అతనిపై జిల్లాలో మొహతమీం ఉన్నా, ఊరిలో వారికి కళ్లూ చెవులూ పోలీసు పటేలే. జననమరణాలు నమోదు చేయడం, ఊరికి వచ్చిన కొత్తవాళ్లపై కన్నేసి ఉంచడం, దొంగతనమో హత్యో జరిగితే ఠాణాకు కబురు పంపడం, శవ పంచనామాకు పెద్దమనుషులను పిలిపించడం అతని బాధ్యతలు. సేత్‌సింధి అనే గ్రామ సేవకుడు అతని చేతికింద ఉండేవాడు.

కాగితంపై కనిపించే ఈ బాధ్యతల కంటే, అవి ఇచ్చిన పలుకుబడే జనం బతుకుపై ఎక్కువ ప్రభావం చూపింది. పర్యటనకు వచ్చిన అధికారికి బండ్లు, కోళ్లు, పాలు, కూలీలు సమకూర్చే పని పటేలుది కావడంతో ఎవరి ఎడ్లు ఏ రోజు కట్టాలో, ఎవరు తమ పొలం పని మాని వెట్టికి రావాలో తేల్చేది అతనే. ఫిర్యాదు ఠాణాకు చేరాలంటే ముందు అతని చావడి దాటాలి; పటేలు మీదే ఫిర్యాదైతే అది ఎంత దూరం పోతుందో ఊహించడం కష్టం కాదు. భూమి, అప్పు, కులపెద్దరికం, లాఠీ ఒకే కుటుంబం చేతిలో చేరిన ఊళ్లలో పోలీసు పటేలును ప్రభుత్వోద్యోగి అనడం కంటే చిన్న దొర అనడమే న్యాయం.

ఈ వ్యవస్థకు జనం నుండి వచ్చిన గట్టి ఎదురుదెబ్బ నల్లగొండ, వరంగల్ జిల్లాల్లో 1946 నుండి 1951 వరకు సాగిన సాయుధ పోరాటంలో కనిపిస్తుంది. పటేల్ పట్వారీలు పారిపోయిన ఊళ్లలో ప్రజలు సభ పెట్టుకొని గ్రామ కమిటీలను ఎన్నుకున్నారనీ, అవి తగాదాలు తీర్చి, భూములు పంచి, కాపలా దళాలను నడిపాయనీ ఉద్యమ నాయకులు రాశారు. ఇలాంటి ఊళ్లు సుమారు 3,000 అని కమ్యూనిస్టు పార్టీ లెక్క. పార్టీ ఆధిపత్యం కింద, యుద్ధ వాతావరణంలో జరిగిన ఆ ఎంపికలను నేటి అర్థంలో ఎన్నికలని అనలేము. అయినా, తెలంగాణ పల్లెలో శాంతిభద్రతల పనిని ఊరివారే ఒకరికి అప్పగించిన సందర్భం ఆధునిక కాలంలో బహుశా అదొక్కటే. భారత ప్రభుత్వం సంస్థానంపై చేపట్టిన సైనిక చర్య తరువాత ఆ కమిటీలు చెదిరిపోయాయి, పటేళ్లు తిరిగి వచ్చారు.

నగరంలో కథ వేరు. అక్కడ కొత్వాలు, అంటే నగర పోలీసు అధిపతి, నిజాం నియమించిన వ్యక్తి. అమీనుగా ఉద్యోగం మొదలుపెట్టి 1920లో కొత్వాలైన రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి 1934 వరకు ఆ పదవిలో ఉండి, ఒకవైపు పాలకుడి విశ్వాసాన్ని, మరోవైపు నగరంలోని పలు వర్గాల ఆదరణను పొందారు. 1918లో రెడ్డి హాస్టల్ స్థాపనకు ఆయన చేసిన కృషి తెలుగు విద్యార్థుల చదువులకు పెద్ద ఆసరా అయింది. ఓట్లతో పనిలేని అధికారి కూడా సమాజంలో కలిసిపోయి పేరు తెచ్చుకోగలడని చూపడానికి ఆయన జీవితం చాలు. కానీ అది ఆ మనిషి గొప్పతనమే, పదవికి ఉన్న గుణం కాదు.

స్వాతంత్ర్యం తరువాత పంచాయతీలు బలపడినా పోలీసు పని వాటికి దక్కలేదు. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సుతో పార్ట్‌టైమ్ గ్రామాధికారుల పదవులను రద్దు చేయడం, 1985లో సుప్రీంకోర్టు దానిని సమర్థించడంతో పటేల్ పట్వారీల వంశపారంపర్య హక్కు ముగిసింది. ఈ మార్పును సాధారణంగా పెత్తందారీతనంపై ప్రజాస్వామ్య విజయంగా చెబుతారు. అది చాలావరకు నిజమే. అయితే పటేలు చేతిలోని అధికారం ఎక్కడికి వెళ్లిందో చూస్తే చిత్రం కొంత మారుతుంది. శిస్తు, లెక్కల పని ప్రభుత్వం నియమించిన ఉద్యోగికి, వీధి దీపాలు, మురుగు కాలువలు ఎన్నికైన సర్పంచికి, నేరాల పని పూర్తిగా ఠాణాకు పోయాయి. 1861 నాటి పోలీసు చట్టం నాటిన ఆలోచన, అంటే పోలీసులు పైనున్న ప్రభుత్వానికే జవాబుదారీ అన్నది, చివరి ఊరి దాకా అప్పుడే పూర్తిగా దిగింది. సర్పంచి ఠాణాకు వెళ్లి మాట చెప్పగలడు, ఆదేశించలేడు.

యాప్రాల్ చుట్టూ పొలాలు ప్లాట్లుగా మారి, మాజీ సైనికులు ఎక్కువగా స్థిరపడిన కాలనీలు లేచిన కొద్దీ ఈ తేడా మరింత తేటపడింది. 2007 ఏప్రిల్‌లో అల్వాల్, మల్కాజిగిరి, కాప్రా వంటి మునిసిపాలిటీలు మహానగర పాలక సంస్థలో కలిశాయి. 2016లో ఏర్పడిన రాచకొండ పోలీసు కమిషనరేటు కార్యాలయం తరువాత పొరుగునే ఉన్న నేరేడ్‌మెట్‌కు వచ్చింది. కార్పొరేటరుగానో ఎమ్మెల్యేగానో పోటీ చేసేవారు కాలనీ సంక్షేమ సంఘాల సమావేశాల్లో సీసీ కెమెరాలు, రాత్రి గస్తీ గురించి మాట ఇస్తారు గానీ, వాటిపై వారికున్నది సిఫారసు బలమే. ఇక్కడి అభ్యర్థి పోలీసు అధికారం కోసం ప్రచారం చేయకపోగా, తన ఊరేగింపుకూ సభకూ పోలీసుల అనుమతినే అడగవలసి ఉంటుంది. కంటోన్మెంటు దారుల విషయంలో ఈ నిస్సహాయత మరీ స్పష్టం. మల్కాజిగిరి, సైనిక్‌పురి, యాప్రాల్ వైపు వెళ్లే రోడ్లను స్థానిక సైనికాధికారులు మూసివేయగా, కాలనీల వారు ఏళ్ల తరబడి అర్జీలు పెట్టి, నిరసనలు చేసి, చివరకు 2018 మేలో రక్షణ శాఖ ఆదేశాలతో దేశవ్యాప్తంగా అలాంటి దారులు తెరుచుకోవడం చూశారు. గేటు దగ్గర నిలిచిన అధికారం మాత్రం వారి ఓటుకు అందేది కాదు.

ఠాణాను ప్రజల ఎన్నికకు తేవాలన్న వాదన భారతదేశంలో ఎప్పుడూ బలపడలేదు, అందుకు కారణమూ ఉంది: ఓటుబలమున్న కులమో మతమో లాఠీని చేతబట్టుకుంటుందన్న భయం పటేళ్ల కాలం చూసినవారికి కొత్తగా చెప్పనక్కర్లేదు. 2006 సెప్టెంబరు 22న ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలు కూడా ముఖ్య అధికారులకు కనీసం రెండేళ్ల పదవీకాలం, ఫిర్యాదుల ప్రాధికార సంస్థ వంటి రక్షణలనే కోరాయి. పోలీసులు ఎన్నికలకు దగ్గరగా వచ్చేది ఒకే విధంగా: 1988లో ప్రజాప్రాతినిధ్య చట్టంలో చేర్చిన 28ఎ నిబంధన ప్రకారం ఎన్నికల విధుల్లోని పోలీసు అధికారులు నోటిఫికేషను నుండి ఫలితాల ప్రకటన వరకు ఎన్నికల సంఘానికి డిప్యుటేషనుపై ఉన్నట్లు లెక్క. 2023 అక్టోబరులో ఆ సంఘం హైదరాబాదు, వరంగల్, నిజామాబాదు కమిషనర్లను మార్పించింది. ఫలితాలు వెలువడగానే ఆ అజమాయిషీ ముగిసి, ఠాణాలు మళ్లీ హోంశాఖ చేతికే వెళ్లాయి.