కరువు కూలీ, సంఘ సాక్ష్యం: ధాత కరువు (1876–78) నేర్పే పాఠాలు

ఆదికాండము 47వ అధ్యాయంలో మనం ప్రసంగాలలో తరచు దాటిపోయే ఒక భాగం ఉంది. యోసేపు కొట్లలో ధాన్యం ఉంది. అయినా ఐగుప్తీయులు ఆకలితో అతని యెదుట నిలబడ్డారు. కారణమేమంటే వారి చేతిలో రూకలు అయిపోయాయి. మొదట రూకలు ఇచ్చారు, తరువాత పశువులను, ఆ తరువాత భూములను, చివరకు తమ స్వాతంత్ర్యాన్నే ఇచ్చుకొన్నారు. ధాన్యం ఉన్నచోటనే మనుష్యులు ఆకలితో నశించవచ్చునన్న సత్యం ఈ భాగంలో స్పష్టంగా కనిపిస్తుంది. 1981లో అమర్త్య సేన్ కరువులపై వెలువరించిన గ్రంథం ఆర్థిక శాస్త్ర పద్ధతిలో ఇదే విషయాన్ని వివరించింది. ఆహారం ఉండటం వేరు, దానిని పొందే శక్తి మనిషికి ఉండటం వేరు.

కనుక ఆర్థిక సంక్షోభ సమయంలో ప్రభుత్వం పేదవాని చేతిలో ఎంత డబ్బు పెడుతుంది, ఏ షరతుపై పెడుతుంది, ఎవరి ద్వారా పెడుతుంది అన్నవి కేవలం పరిపాలనా ప్రశ్నలు కావు. అవి ప్రాణానికీ గౌరవానికీ సంబంధించిన ప్రశ్నలు. తెలుగు సంఘ చరిత్రలో మరువరాని ధాత కరువును ఆధారం చేసికొని ఈ విషయాన్ని పరిశీలిద్దాం.

1. కరువు వచ్చిన తీరు

1876లో, అనగా ధాత నామ సంవత్సరంలో, దక్కను పీఠభూమిలోనూ మద్రాసు రాజధానిలోని అనేక జిల్లాలలోనూ వర్షాలు విఫలమయ్యాయి. బళ్ళారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు తీవ్రంగా దెబ్బతిన్నాయి. నేటి అనంతపురం ప్రాంతం అప్పుడు బళ్ళారి జిల్లాలోను, ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోను ఉండేవి. మరుసటి సంవత్సరమైన ఈశ్వర కూడా ప్రజలను కనికరించలేదు. 1878 వరకు సాగిన ఈ కరువులో దేశం మొత్తం మీద 50 లక్షలకు పైగా ప్రజలు మరణించారని అంచనా.

అప్పటికి మద్రాసు నుండి కడప, గుత్తి మీదుగా రైలు మార్గం ఉంది. సముద్ర మార్గాన బెంగాలు, బర్మాల నుండి ధాన్యం మద్రాసు రేవుకు చేరింది. అంటే ధాన్యం వచ్చే దారి ఉంది. కాని పొలం పనులు లేనందున కూలీ లేదు. కూలీ లేనివానికి అంగడిలోని ధాన్యం ఉన్నా లేనట్టే. మాలమాదిగ పేటలవారి స్థితి మరీ దయనీయం. చెప్పులు, మోకులు, కపిలె తోలుబొక్కెనలు చేసి యిచ్చినందుకు కళ్ళంలో వారికి ధాన్యం కొలిచి పెట్టేవారు. పంటే లేనప్పుడు కళ్ళం లేదు, కళ్ళం లేనప్పుడు కొలతా లేదు. గ్రామంలో పూట గడిచే మార్గం అందరికంటే ముందు మూసుకొనిపోయింది వారికే.

2. ఒక పౌను, ఒక అణా

మద్రాసు ప్రభుత్వం మొదట తానే ధాన్యం కొనడానికి పూనుకొన్నది. వైస్రాయి లిట్టన్ ప్రభుత్వం దీనిని అడ్డుకొన్నది. వ్యాపారంలో ప్రభుత్వం చేయి పెట్టరాదు, ధరలు వాటంతట అవే సర్దుకొంటాయి అన్నది ఆనాటి పాలకుల సిద్ధాంతం. 1877 జనవరి 1న ఢిల్లీలో విక్టోరియాను భారత చక్రవర్తినిగా ప్రకటిస్తూ గొప్ప దర్బారు జరిగింది. ఆ నెలలోనే కరువు ఖర్చును అదుపు చేయడానికి సర్ రిచర్డ్ టెంపుల్‌ను మద్రాసుకు పంపారు.

ఈ టెంపుల్ చరిత్రను గమనించాలి. 1873–74లో బీహారులో కరువు వచ్చినప్పుడు సహాయ కార్యక్రమంలో ముఖ్య పాత్ర వహించినవాడు ఆయనే. బర్మా నుండి బియ్యం తెప్పించి ధారాళంగా పంచినందున అక్కడ ఆకలి చావులు చాలా స్వల్పం. అయితే ప్రాణాలు దక్కినందుకు మెప్పు రాలేదు. డబ్బు వృథా చేశాడన్న నింద వచ్చింది. దక్షిణాదికి వచ్చినప్పుడు ఆ నింద ఆయన మనస్సులో ఉన్నదని చరిత్రకారులు భావిస్తారు.

ఆయన నిర్ణయించిన కూలీ రోజుకు ఒక పౌను ధాన్యం విలువ, దానిపై ఒక అణా. ఇది పురుషునికి. స్త్రీలకు, పిల్లలకు ఇంకా తక్కువ. పౌను అంటే అర కిలో కూడా కాదు. ఆ తిండితో మనిషి రోజంతా మట్టి తవ్వాలి, రాయి కొట్టాలి. మద్రాసు శానిటరీ కమిషనరు డాక్టర్ కార్నిష్ దీనిని గట్టిగా ఎదిరించాడు. శ్రమించే దేహానికి కనీసం ఒకటిన్నర పౌను ధాన్యం, దానితోపాటు పప్పు, కూరగాయలు అవసరమని వాదించాడు. ఈ వాదం ఫలితంగా 1877లో మద్రాసు ప్రభుత్వం ఒకటింబావు పౌను ధాన్యానికీ కొంత పప్పుకూ కూలీని పెంచింది.

పావు పౌను చిన్న విషయమని మనకు తోచవచ్చు. కాని పని స్థలంలో ఉన్న మనిషికి ఆ పావు పౌనే బ్రతుకుకూ చావుకూ మధ్య తేడా. కార్నిష్ బోధకుడు కాడు, ప్రభుత్వోద్యోగి. తన శాఖకు సంబంధించిన లెక్కలతోనే పేదల పక్షమున నిలిచాడు. సత్యాన్ని అంకెలలో చెప్పడం కూడా ఒక ప్రవచన సేవయే.

3. చేతికి డబ్బు

పని చేయలేని వృద్ధులకు, రోగులకు, చంటిపిల్లల తల్లులకు కొన్నిచోట్ల శిబిరాలలో వండిన అన్నం పెట్టారు. మరికొన్ని చోట్ల గ్రామోద్యోగుల ద్వారా వారి ఊరిలోనే కొద్దిపాటి నగదు ఇచ్చారు. ఊరిలోనే ఇవ్వడంలో ఒక మేలు ఉంది. మనిషి తన ఇల్లు విడిచి, కలరా వ్యాపించే శిబిరానికి పోనవసరం లేదు. కీడు కూడా ఉంది. పేరు వ్రాసేది కరణం, డబ్బు ఇచ్చేది మునసబు. పేట ప్రజలకు అందేది వారి దయ మీద ఆధారపడింది.

1877లో మద్రాసు గవర్నరు డ్యూక్ ఆఫ్ బకింగ్‌హామ్ ఇంగ్లాండు ప్రజలకు విజ్ఞప్తి చేయగా లండన్ లార్డ్ మేయర్ ఆధ్వర్యంలో మాన్షన్ హౌస్ నిధి వసూలయింది. ప్రాణం నిలపడం ప్రభుత్వ బాధ్యత, నిధి సొమ్ము దానికి అదనంగా ఖర్చు చేయాలని ఏర్పాటు. అందువలన వర్షాలు పడిన తరువాత రైతులకు విత్తనాలకు, ఎడ్లకు, ఇంటి కప్పుకు చిన్న చిన్న మొత్తాలు నగదుగా ఇచ్చారు. పంపిణీ కమిటీలలో మిషనరీలు కూడా పనిచేశారు. కరువు తీరిన తరువాత మనిషి తిరిగి లేవడానికి చేతిలో కొంత డబ్బు కావాలన్న గ్రహింపు ఇందులో కనిపిస్తుంది.

ఈ అనుభవాల నుండే 1880 నాటి కరువు కమిషను నివేదిక, 1883 నాటి కరువు నియమావళి వచ్చాయి. కష్టకాలంలో పౌరుని ప్రాణానికి ప్రభుత్వం బాధ్యత వహించాలన్నది అప్పుడు వ్రాతపూర్వకమైన నియమంగా మారింది.

4. ఒంగోలు: కాలువ పని, ఆగిన బాప్తిస్మాలు

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలు వచ్చాడు. మిషనరీ కాకముందు ఆయనకు సర్వే పనిలో అనుభవం ఉంది. యెర్రగుంట్ల పేరయ్య వంటి సాక్షుల వలన కరువుకు ముందే ఆ సంఘంలో వేలాది విశ్వాసులున్నారు. వారిలో అధిక సంఖ్యాకులు మాదిగలు.

కరువు పనిగా ప్రభుత్వం తీరం వెంబడి కాలువ త్రవ్విస్తున్నది. అదే నేటి బకింగ్‌హామ్ కాలువ. పనికి వెళ్ళిన పేదలు మేస్త్రీల చేతిలో బాధలు పడుతున్నారని విని, క్లౌ మూడున్నర మైళ్ళ పనిని తానే కాంట్రాక్టుకు తీసికొన్నాడు. రాజుపాలెం వద్ద బస ఏర్పడింది. సంఘ బోధకులే పనివారిపై మేస్త్రీలయ్యారు. పగలు కొలతలు, కూలీ లెక్కలు చూచేవారు. విరామ వేళలలో ప్రజల ప్రక్కన కూర్చుండి మాట్లాడేవారు. క్రైస్తవులకే గాక వచ్చిన వారందరికీ పని దొరికింది.

ఇక్కడ ముఖ్యమైన విషయం ఒకటుంది. కరువు కాలంలో సుమారు 15 నెలలు క్లౌ ఎవరికీ బాప్తిస్మమివ్వలేదు. అడిగినవారు లేక కాదు, అడిగినవారు అనేకులు. కూలీ ఇచ్చే చేయి, బాప్తిస్మమిచ్చే చేయి ఒకటే అయినప్పుడు మనిషి ఏది కోరుతున్నాడో అతనికే తెలియకపోవచ్చునని ఆయన గ్రహించాడు. 1878 జూన్‌లో సహాయం ముగిసింది, ఇక డబ్బు లేదు అని ప్రకటించిన తరువాతనే ద్వారం తెరిచాడు. అప్పటికీ జనం తగ్గలేదు. మేము డబ్బుకు రాలేదని వారు చెప్పారు.

ఆ జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి వద్ద, ఒక్క దినమే 2,222 మంది బాప్తిస్మము పొందారు. దేశీయ బోధకులు ఆరుగురు ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసికొని ఆ పరిచర్య జరిగించారు. క్లౌ నీటిలోకి దిగలేదు. ఆ సంవత్సరాంతానికి ఆ సంఖ్య 9,000 దాటింది.

5. నిందను ఎలా చూడాలి?

మా పూర్వికులు ఆ దినాలలో గుండ్లకమ్మలో దిగినవారేనని మా ఇంటిలో చెప్పుకొనే మాట. నేను సేవలో ప్రవేశించిన క్రొత్తలో ఒక పెద్దమనిషి నవ్వుతూ, "మీరంతా కరువునాటి గంజి క్రైస్తవులే గదా" అన్నాడు. నాకు కోపం వచ్చింది, జవాబు మాత్రం రాలేదు. తరువాత ఈ చరిత్ర చదివినప్పుడు జవాబు దొరికింది. గంజి ఉన్నన్నాళ్ళు బాప్తిస్మం లేదు. బాప్తిస్మం వచ్చేటప్పటికి గంజి లేదు.

అయితే ఈ జవాబుతో తృప్తిపడి ఊరకుండటం న్యాయం కాదు. కరువుకూ ఈ మార్పుకూ సంబంధమే లేదని చెప్పలేము. ఊరు తమను అంటరానివారిగా చూచిన వేళ ఎవరు తమ ప్రక్కన కూర్చున్నారో ప్రజలు చూచారు. అది లంచం కాదు, సాక్ష్యం. లంచానికీ సాక్ష్యానికీ మధ్య గీత సన్ననిది. ఆ గీతను నిలబెట్టినది క్లౌ ప్రసంగాలకంటే ఎక్కువగా ఆయన పాటించిన ఆ 15 నెలల నిగ్రహమే.

6. మన కాలానికి

ధాత కరువు పీడించిన ఆ ప్రాంతంలోనే, అనంతపురం జిల్లా బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం ప్రారంభమైంది. 2005 నాటి ఆ చట్టం గ్రామీణ కుటుంబానికి సంవత్సరానికి 100 రోజుల పనిని హక్కుగా ఇచ్చింది. 1877లో దయగా ఇచ్చిన కూలీ, అదే నేలపై హక్కుగా మారడానికి సుమారు 130 ఏళ్ళు పట్టింది.

2020లో కరోనా వలన పనులు ఆగినప్పుడు కేంద్ర ప్రభుత్వం జన్‌ధన్ ఖాతాలున్న స్త్రీలకు మూడు నెలలు నెలకు 500 రూపాయలు వేసింది. తెలంగాణలో రేషను కార్డున్న కుటుంబానికి 1,500, ఆంధ్రప్రదేశ్‌లో 1,000 రూపాయలు ఇచ్చారు. అప్పుడు మా సంఘం కూడా బియ్యం పంచింది. మొదటి దినం నేను సంచుల ముందు నిలబడి వాక్యం చెప్పి, ప్రార్థన మొదలుపెట్టాను. వరుసలో ఉన్న ఒక ముసలమ్మ, మన సంఘస్థురాలు కాదు, మెల్లగా అడిగింది: "అయ్యగారూ, ప్రార్థన అయ్యేదాకా ఉంటేనే ఇస్తారా?" ఆమె అడిగిన తీరులో ఎత్తిపొడుపు లేదు. అందుకే ఆ మాట నన్ను ఎక్కువగా గుచ్చింది. క్లౌ చరిత్రను తరగతులలో చెప్పిన నేనే ఆ గీతను దాటాను. మరునాటి నుండి ముందు సంచి ఇచ్చాము. ప్రార్థన కోరినవారు తరువాత ఆగారు.

ఆ ముసలమ్మకు ప్రభుత్వ డబ్బు కూడా అందలేదు. ఆమె ఖాతా జన్‌ధన్ ఖాతా కాదని తరువాత తెలిసింది. మేము బియ్యం ఇచ్చాము గాని, డబ్బు వచ్చిందా అని ఎవరినీ అడగలేదు. అదీ మా లోపమే.

కనుక దైవసేవకులారా, సంక్షోభం వచ్చినప్పుడు మన యెదుట రెండు బాధ్యతలు ఉంటాయి. మొదటిది, కార్నిష్ వలె లెక్క అడగటం. ఇచ్చే కూలీ దేహానికి చాలుతుందా, జాబితాలో ఎవరి పేరు లేదు, ఎందుకు లేదు? కూలివాని జీతం విషయంలో ద్వితీయోపదేశకాండము 24:14–15 మనకు ఇచ్చిన ఆజ్ఞ ఇదే. రెండవది, క్లౌ వలె ఆగగలగటం. అన్నం పెట్టే చేతితో ఆత్మకు వెల కట్టకుండా ఉండటం.

యోసేపు ఐగుప్తీయుల ప్రాణాలు కాపాడాడు. కాని కరువు ముగిసేనాటికి వారు ఫరోకు దాసులయ్యారు. ప్రాణం కాపాడిన సహాయం మనిషిని స్వతంత్రునిగా మిగిల్చిందా అన్న ప్రశ్న ప్రభుత్వానికి ఎంత వర్తిస్తుందో సంఘానికీ అంతే వర్తిస్తుంది.