ఊపిరి మోసుకెళ్లే దళం

సింగరేణి చరిత్ర ఎవరు రాసినా టన్నుల లెక్క వస్తుంది, కొత్త గనుల పేర్లు వస్తాయి, సమ్మెల సంగతి వస్తుంది. రెస్క్యూ బ్రిగేడ్ మాట మాత్రం ఏదైనా ఘోరం జరిగినప్పుడు వారం పదిరోజులు పేపర్లలో కనబడి మళ్లీ మరుగున పడిపోతుంది. నూరేళ్లు దాటిన సంస్థ తన ప్రత్యేక సంచికలో ఈ దళానికి కొన్ని పేజీలు ఇవ్వడం న్యాయం.

పట్నంలో ఇల్లు అంటుకుంటే ఫైరింజన్ వస్తుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఫైర్ బ్రిగేడ్ అంటే గుర్రాలు లాగే బండి, చేత్తో కొట్టే పంపు, గొట్టాలు, నిచ్చెన, దారిలో జనాన్ని తప్పుకోమని మోగించే గంట. మద్రాసు నగరానికి 1908లో ఫైర్ బ్రిగేడ్ ఏర్పడింది. అలాంటి దళానికి మొదట కావలసింది నీళ్లు. బొగ్గు బాయిలో నిప్పు పుడితే నీళ్ల కంటే ముందు కావలసింది గాలి. మంట ఉన్నచోటికి చేరాలంటే చెడిపోయిన గాలిలోంచే కిలోమీటర్ల కొద్దీ నడవాలి. అందుకే ఈ దళం సరంజామా అంతా మనిషి ఊపిరి చుట్టూ తయారైంది.

చాలినంత గాలి అందక బొగ్గు కాలితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. 1994 జనవరిలో బెంగాల్‌లోని న్యూ కెండా గనిలో నిప్పు లేచినప్పుడు 55 మంది చనిపోయారు. వాళ్ల ప్రాణం తీసింది పొగ, విషవాయువు. మన గోదావరి లోయ బొగ్గుకు తనంతట తాను వేడెక్కే గుణం కూడా ఉంది. మందపాటి సీముల్లో పిల్లర్లు తీసేశాక ఖాళీ పడిన చోట, అంటే గోఫ్‌లో, మిగిలిన బొగ్గుకు సన్నగా గాలి తగులుతూ ఉంటే అది లోలోపల రాజుకుంటుంది. మొదట పక్క గోడలకు చెమట పడుతుంది. తర్వాత కిరసనాయిలు లాంటి వాసన వస్తుంది. పొగ కనబడేది ఆ తర్వాతే. అనుభవం ఉన్న ఓవర్‌మన్, సర్దార్ ఆ చెమట దగ్గరే ఆగి పైకి కబురు పెడతారు.

పొగలోకి వెళ్లి బతికి బయటపడే ఉపాయం కోసం ప్రపంచం చాలాకాలం వెతికింది. హెన్రీ ఫ్లూస్ అనే ఇంగ్లిషువాడు ఆక్సిజన్ సిలిండర్‌తో తయారుచేసిన పరికరాన్ని 1880లో సీహామ్ గని పేలుడు తర్వాత లోపలికి వెళ్లడానికి వాడారు. దీని విలువ లోకానికి అర్థమైంది మాత్రం 1906 మార్చి 10న, ఫ్రాన్స్‌లోని కూరియేర్ గనిలో 1,099 మంది చనిపోయిన రోజున. అక్కడ తగిన దళం లేదు. సరిహద్దు దాటి జర్మనీ గని కార్మికులు శ్వాస పరికరాలతో సాయానికి వచ్చారు. ప్రమాదం జరిగిన 20 రోజులకు 13 మంది ప్రాణాలతో బయటికి వచ్చారు. లోపల ఇంకా ఎవరూ మిగలలేదని ముందే తేల్చేస్తే ఎంత తప్పో గని మనుషులు అప్పుడు నేర్చుకున్నారు. ఆ తర్వాతి ఏళ్లలో రెస్క్యూ స్టేషన్లు చట్టంలోకి ఎక్కాయి. బ్రిటన్‌లో 1911 నాటి చట్టం అందులో ఒకటి.

మన దేశంలో ఆ రోజు రావడానికి ఇంకో పాతికేళ్లు పైనే పట్టింది. 1936 డిసెంబర్‌లో పోయిదీ గని పేలి 209 మంది పోయాక, 1939లో రెస్క్యూ రూల్స్ వచ్చాయి. ఝరియా, రాణిగంజ్ గనుల కోసం ధన్సార్, సీతారాంపూర్‌లలో స్టేషన్లు వెలిశాయి. అవి బ్రిటిష్ ఇండియా గనులు. మనది నిజాం రాజ్యం. ఇల్లందు దగ్గర 1871లో డాక్టర్ విలియం కింగ్ బొగ్గు జాడ కనిపెట్టడం, 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ పుట్టడం, 1920 డిసెంబర్ 23న అది సింగరేణి కాలరీస్ కంపెనీ కావడం అందరికీ తెలిసిన కథే. ఉమ్మడి ఆదిలాబాద్‌లో బెల్లంపల్లి బాయిలు 1920ల చివర తెరుచుకున్నాయి. 1929లో కాజీపేట, బల్లార్షా రైలుమార్గం పూర్తయి ఆ బొగ్గుకు దారి దొరికింది. ఉమ్మడి కరీంనగర్‌లో గోదావరిఖని వంతు 1960ల మొదట్లో వచ్చింది. సంస్థానం భారత్‌లో కలిశాక 1952 గనుల చట్టం, 1959 నాటి కోల్ మైన్స్ రెస్క్యూ రూల్స్, వాటి స్థానంలో వచ్చిన 1985 మైన్స్ రెస్క్యూ రూల్స్ మన బాయిలకూ వర్తించాయి. రామగుండం ఏరియాలో యైటింక్లయిన్ కాలనీలో ఉన్న రెస్క్యూ స్టేషన్ ఆ చట్టాల నీడలో నడుస్తున్న సంస్థ.

ఇక పరికరాల సంగతి. మన దేశపు స్టేషన్లలో చాలాకాలం రాజ్యమేలింది సీబ్ గోర్మన్ కంపెనీ 'ప్రోటో'. ఛాతీ మీద రబ్బరు సంచి, నడుము వెనక ఆక్సిజన్ సిలిండర్, నోట్లో మౌత్‌పీస్, ముక్కుకు క్లిప్పు. వదిలిన ఊపిరి సంచిలోని రసాయనం గుండా వెళ్లేది. ఆ రసాయనం కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చేసుకునేది. తగ్గిన ఆక్సిజన్‌ను సిలిండర్ భర్తీ చేసేది. అదే గాలి మళ్లీ మనిషికి అందేది. అలా దాదాపు రెండు గంటలు. ఆ తర్వాత జర్మనీ డ్రాగర్ కంపెనీ బీజీ-174 వచ్చింది. బరువంతా వీపు మీదికి మారింది, సమయం నాలుగు గంటలకు పెరిగింది. ఇప్పటి బీజీ-4లో ముఖమంతా కప్పే మాస్క్ ఉంటుంది. లోపలి ఒత్తిడి బయటి కంటే కాస్త ఎక్కువ ఉంటుంది కాబట్టి మాస్క్ అంచు సడలినా బయటి విషం లోపలికి రాదు. పీల్చే గాలి వేడెక్కకుండా ఐసు ముక్క పెట్టే ఏర్పాటు కూడా ఉంది. వేసవిలో మన వైపు బాయిల్లో పనిచేసినవాళ్లకు ఆ ఐసు విలువ చెప్పనక్కర్లేదు.

ప్రోటో రోజుల్లో నోట్లో మౌత్‌పీస్ ఉంటే మాట్లాడడం కుదరదు. అందుకే టీమ్ కెప్టెన్ చేతిలో హారన్ ఉండేది. ఆగడానికి ఒక సంకేతం, వెనక్కి మళ్లడానికి ఒకటి, ఎవరికైనా ఇబ్బందిగా ఉంటే ఇంకొకటి. స్టేషన్‌లోని శిక్షణ గ్యాలరీలో ప్రాక్టీసు చూస్తే ఈ క్రమశిక్షణ కళ్లకు కడుతుంది. పొగ నింపిన చీకటి సొరంగంలో వరుసగా ఒకరి వెనక ఒకరు ఐదారుగురు. వీపు మీద పదిహేను కిలోల వరకు బరువు. చేతుల్లో స్ట్రెచర్, పనిముట్లు. కప్పు తక్కువగా ఉన్నచోట మోకాళ్ల మీద పాకాలి. కెప్టెన్ మధ్యమధ్య ఆగి ఒక్కొక్కరి గేజీ మీద లైటు వేసి ఆక్సిజన్ ఎంతుందో చూస్తాడు. ఒక్కడిది తగ్గినా టీమంతా వెనక్కి తిరగాలి. ఒక్కడిని వెనక్కి పంపి మిగతావాళ్లు ముందుకెళ్లడం ఉండదు.

మంచి గాలి ఆడేచోట ఫ్రెష్ ఎయిర్ బేస్ పెడతారు. అక్కడ ఇంకో టీమ్ పరికరాలు తగిలించుకుని సిద్ధంగా కూర్చుంటుంది. లోపలివాళ్లకు ఏమైనా అయితే పరుగెత్తేది వాళ్లే. విషవాయువు పసిగట్టడానికి పక్షులను తీసుకెళ్లే కాలం పోయి చేతిలో పట్టే గ్యాస్ డిటెక్టర్లు వచ్చాయి. మూసేసిన ప్రాంతం నుంచి గాలి శాంపిల్ తీసి, ఖర్చయిన ఆక్సిజన్‌కు ఎంత కార్బన్ మోనాక్సైడ్ పుట్టిందో లెక్కగడతారు. దాన్ని గ్రాహం నిష్పత్తి అంటారు. అది పెరుగుతూ పోతే గోడ వెనక నిప్పు బతికే ఉన్నట్టు. ఆర్పలేని నిప్పుకు చివరి మందు గోడలు కట్టి గాలి ఆపేయడమే. ఆ స్టాపింగులు కట్టేటప్పుడూ మాస్కులతో ఇటుకలు మోసేది ఈ దళమే.

సిబ్బంది విషయంలో ఈ సంస్థ పట్నం ఫైర్ స్టేషన్‌కు పూర్తిగా వేరు. స్టేషన్‌లో సూపరింటెండెంట్, ఇన్‌స్ట్రక్టర్లు, కొద్దిమంది శాశ్వత సిబ్బంది ఉంటారు. దళంలో మిగతావాళ్లు బాయిల్లోనే ఉంటారు. ఓవర్‌మన్, సర్దార్, ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, జనరల్ మజ్దూర్, ఎవరైనా సరే వైద్య పరీక్ష నెగ్గి శిక్షణ పొందితే రెస్క్యూ ట్రెయిన్డ్ మనిషి అవుతాడు. తన షిఫ్టు తాను చేసుకుంటూనే రిఫ్రెషర్ ప్రాక్టీసుకు వస్తుంటాడు. కబురు వస్తే సగం అన్నం వదిలి లేస్తాడు. లోపల చిక్కుకున్నవాడు ఒక్కోసారి నిన్నటిదాకా తనతో కలిసి మస్టర్ వేయించుకున్న దోస్తే అయి ఉంటాడు. ఈ దళం బలమంతా అక్కడుందని నా నమ్మకం. బాయి దారులు తెలిసినవాడు, కప్పు చప్పుడు విని పసిగట్టేవాడు బయటినుంచి దొరకడు.

అన్నిసార్లూ ప్రాణాలు దక్కవు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు విరుచుకుపడి 17 మంది చనిపోయారు. అదే ఏడాది అక్టోబర్‌లో 8ఏ గనిలో కప్పు కూలి 10 మంది పోయారు. ఇలాంటి చోట్ల ఇంటివాళ్లకు ఆఖరిచూపు దక్కించడం కూడా రెస్క్యూ పనే. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర ఎస్‌ఎల్‌బీసీ సొరంగం కూలి 8 మంది చిక్కుకున్నప్పుడు సైన్యం, ఎన్‌డీఆర్‌ఎఫ్‌తో పాటు సింగరేణి దళాన్నీ పిలిపించారు. బురద, నీరు, ఎప్పుడు జారుతుందో తెలియని కప్పు. అది బొగ్గు గని కాకపోయినా మనవాళ్లకు తెలిసిన చీకటే.

ఇప్పుడు బొగ్గులో ఎక్కువ భాగం ఓపెన్‌కాస్టుల నుంచి వస్తోంది. భూగర్భ గనులు ఒక్కొక్కటిగా మూతపడుతున్నాయి. బాయిలో పెరిగిన తరం రిటైరవుతోంది. పరికరం డబ్బు పెడితే వస్తుంది, ఆ మనుషులు మాత్రం అంత తేలిగ్గా దొరకరు. యాజమాన్యం రెస్క్యూ శిక్షణను, దానికిచ్చే అలవెన్సును ఖర్చుల పద్దులో చూడొద్దు. సంఘాలు తమ డిమాండ్లలో దీనికీ ఓ చోటివ్వాలి. కొత్తగా భూగర్భ గనుల్లో చేరిన తమ్ముళ్లకు నా విన్నపం ఒక్కటే: ఈసారి రెస్క్యూ శిక్షణకు పేర్లు అడిగినప్పుడు మీ పేరివ్వండి.