పక్కింటి తోడు

పెరుగుకి తోడు కావాలంటే గిన్నె పట్టుకుని పక్కింటికి వెళ్ళడం మనకేం నామోషీ కాదు. ఇచ్చినావిడకి తరిగిపోయేదీ లేదు. రేపు వాళ్ళింట్లో తోడు లేకపోతే మన గిన్నెలోంచే వెళుతుంది. కంప్యూటర్ల చరిత్రలోనూ ఇలాంటి తోడు కథ ఒకటుందంటే నవ్వుతారేమో గానీ, నిజంగానే ఉంది.

మొదట్లో ప్రోగ్రాములు రాసేవాళ్ళు ఒకరివొకరు అడిగి పుచ్చుకుని బాగుచేసుకునేవారు. పోనుపోను కంపెనీలు వాటికి తాళాలు వెయ్యడం మొదలుపెట్టాయి. 1980 ప్రాంతంలో అమెరికాలోని ఎం.ఐ.టి. ప్రయోగశాలకి జెరాక్స్ కంపెనీ కొత్త ప్రింటరు ఇచ్చింది. అందులో కాగితం ఇరుక్కుపోతూ ఉండేది. పాత ప్రింటరుకైతే, అలా ఇరుక్కోగానే ఎదురుచూస్తున్నవాళ్ళకి కబురందేలా రిచర్డ్ స్టాల్‌మన్ అనే ఆయన ప్రోగ్రాము మార్చిపెట్టాడు. కొత్తదానికీ అలాగే చేద్దామంటే దాని మూలప్రతి ఇవ్వలేదు. మరో విశ్వవిద్యాలయంలో అది ఉన్నాయన్ని వెళ్ళి అడిగితే, ఎవరికీ ఇవ్వనని కంపెనీకి రాసిచ్చానన్నాడు.

చూడ్డానికి ఎంత చిన్న విషయం! కానీ ఆ చిరాకు ఆయన మనసులో నిలిచిపోయింది. ఎవరైనా వాడుకోగల, మార్చుకోగల, పంచుకోగల ‘గ్నూ’ వ్యవస్థని తయారుచేస్తానని 1983 సెప్టెంబరులో ప్రకటించాడు. 1989లో దానికో షరతుల పత్రం రాశాడు. తీసుకో, మార్చుకో, కావాలంటే అమ్ముకో. కానీ ఇంకొకరికి ఇచ్చేటప్పుడు మూలప్రతితో సహా ఇవ్వు, తాళం వెయ్యకు. ఇదీ దాని సారాంశం. తోడు ధర్మం ఇదే కదండీ!

1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న ఇరవయ్యొక్కేళ్ళ లినస్ టోర్వాల్డ్స్ సరదాగా రాసుకున్న లినక్స్‌ని అందరి ముందూ పెట్టాడు. మరుసటేడు అదీ ఆ షరతు కిందికే వచ్చింది. ఇలాంటివాటికి ‘ఓపెన్ సోర్స్’ అన్న పేరు 1998లో పుట్టింది. 2008లో మొదలైన ఆండ్రాయిడ్ ఫోన్లకి పునాది లినక్సే. ఫోనులో ఉన్నవన్నీ తాళం లేనివని కాదు సుమండీ, పునాది మాత్రం అది.

మా ఆఫీసులో పూర్వం వాడిన లెక్కల ప్రోగ్రాముకి ఏటా కట్టే డబ్బు ఆపేసరికి, పదేళ్ళ ఖాతాలు మాకే తెరుచుకోలేదు. బీరువా మనది, చీరలు మనవి, తాళంచెవి మాత్రం కొట్టువాడి దగ్గర! ఇప్పుడు లిబ్రె ఆఫీసు వాడుతున్నాం. ఓపెన్ ఆఫీసు 2010లో ఒక పెద్ద కంపెనీ చేతికి వెళ్ళాక, దాన్ని రాసేవాళ్ళలో చాలామంది పెట్టుకున్న వేరుకాపురం ఇది. మూలప్రతి అందరిదీ కాబట్టే గుమ్మం దాటగలిగారు.

మన తెలుగుకీ ఈ తోడు అందింది. తిరుమల కృష్ణదేశికాచార్యులుగారు పోతన, వేమన అనే అక్షరరూపాలు తయారుచేసి ఇలాగే పంచిపెట్టారు.

అయితే, అందరూ తీసుకునేవాళ్ళే అయితే? ఇంటర్నెట్లో రహస్యాలు కాపాడే ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. అనే ప్రోగ్రాములో 2014 ఏప్రిల్లో పెద్ద లోపం బయటపడింది. మహా మహా కంపెనీలు వాడుకుంటున్న దాన్ని కనిపెట్టుకుని ఉన్నది గుప్పెడు మందేనని లోకానికి అప్పుడు తెలిసింది. ఆ తర్వాతే కంపెనీలు డబ్బిచ్చేందుకు కదిలాయి.

నాకు ప్రోగ్రాములు రాయడం చేతకాదు. కానీ ఏడాదికోసారి కాస్త చందా పంపుతాను, తెలుగు అనువాదంలో తప్పు కనిపిస్తే రాసి చెబుతాను. గిన్నెడు పెరుగు తిన్నాక చెంచాడైనా మిగల్చకపోతే రేపు ఏ గుమ్మం తడతాం చెప్పండి!