ఆకాశ్ టాబ్లెట్, దాని మెమరీ కార్డు

కంప్యూటరు కొనగానే పనిచేస్తుంది కాబట్టి, అందులోని ఆపరేటింగ్ సిస్టమ్ యంత్రంతో పాటే పుట్టిందని అనుకుంటాం. నిజానికి దానిని ఎవరో ఒకరు లోపలికి ఎక్కించాలి. తయారుచేసినవారు మాత్రమే ఎక్కించాలా, వాడుకునేవారు కూడా మార్చుకోవచ్చా? ఢిల్లీలో విడుదలైన ఒక చిన్న పరికరం చరిత్ర ఈ ప్రశ్నతో ముడిపడి ఉంది.

2011 అక్టోబరు 5న అప్పటి కేంద్ర మానవ వనరుల అభివృద్ధి శాఖ మంత్రి కపిల్ సిబల్ న్యూఢిల్లీలో ఆకాశ్ టాబ్లెట్‌ను విడుదల చేశారు. డేటావిండ్ సంస్థది. విడిభాగాల కూర్పు మన హైదరాబాదులో జరిగింది. 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసరు, 256 మెగాబైట్ల ర్యామ్, ఆండ్రాయిడ్ 2.2. తెరను వేలితో తాకితే చాలదు, నొక్కాలి. నెమ్మదిగా ఉందనీ, బ్యాటరీ నిలవదనీ విమర్శలు వచ్చాయి. వాటిలో అన్యాయమేమీ లేదు. తరువాత ఈ పథకం బాధ్యత ఐ.ఐ.టి. బొంబాయికి వెళ్ళింది. 2012 నవంబరు 11న, జాతీయ విద్యా దినోత్సవం నాడు, రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ ఢిల్లీలో ఆకాశ్-2ను విడుదల చేశారు. ఇందులో 1 గిగాహెర్ట్జ్ ప్రాసెసరు, 512 మెగాబైట్ల ర్యామ్, ఆండ్రాయిడ్ 4.0 ఉన్నాయి. ప్రభుత్వానికి పడిన ధర 2,263 రూపాయలు.

పత్రికలు ఎక్కువగా ధర గురించే రాశాయి. అంతకంటే ఆసక్తికరమైన సంగతి లోపలి ఆల్‌విన్నర్ ఎ13 చిప్‌లో ఉంది. స్విచ్ వేయగానే, చిప్‌లో శాశ్వతంగా రాసి ఉన్న చిన్న ప్రోగ్రాం ముందుగా మెమరీ కార్డును వెతుకుతుంది. అక్కడ తనకు కావలసినది దొరికితే దానినే నడుపుతుంది. దొరకకపోతేనే లోపలి ఆండ్రాయిడ్ దగ్గరికి వెళ్తుంది. ఐ.ఐ.టి. బొంబాయి బృందం ఈ వీలును వాడుకుని కార్డు మీద నుంచి గ్నూ/లినక్స్‌ను నడిపింది. కార్డు తీసేస్తే మళ్ళీ ఆండ్రాయిడే! అంటే విద్యార్థి ఎంత ప్రయోగం చేసినా అసలు పరికరం చెక్కుచెదరదు.

ఇలా కార్డు మీదకు ఎక్కించేదాన్ని ‘ఇమేజ్’ అంటారు. పాటల ఫైలును కాపీ చేసినట్టు దీన్ని కార్డులో వేస్తే యంత్రం లేవదు. ఎందుకంటే ఆ దశలో చిప్‌కు ఫైళ్ళ పేర్లు తెలియవు. కార్డు మొదటినుంచి సరిగ్గా 8 కిలోబైట్ల తరువాత ఏముందో అది మాత్రమే చదువుతుంది. అందుకే ఇమేజ్‌ను మొదటి బైటు నుంచి వరుసగా, ఉన్నదున్నట్టు రాయాలి. లినక్స్‌లో ‘డీడీ’ అనే ఆదేశం ఈ పని చేస్తుంది. రాసేముందు డిస్కు పేరు రెండుసార్లు చూసుకోండి. కార్డుకు బదులు ఇంటి కంప్యూటరు హార్డ్ డిస్కు పేరిస్తే అందులోని సమాచారం చెరిగిపోతుంది. ఇంటెల్ ప్రాసెసరు కోసం తయారైన ఇమేజ్ కూడా ఇక్కడ పనికిరాదు, ఆకాశ్‌లోనిది ఎ.ఆర్.ఎమ్. జాతి ప్రాసెసరు.

2012 ఫిబ్రవరి 29న బ్రిటన్‌లో విడుదలైన రాస్ప్‌బెర్రీ పై మరో అడుగు ముందుకు వేసింది. లోపల నిల్వస్థలమే లేదు, కార్డు లేకుంటే అది ఉత్త బోర్డు.

ఆండ్రాయిడ్ 4.0కు తన ప్లే సేవలను ఆపేస్తున్నట్టు గూగుల్ 2018 డిసెంబరులో ప్రకటించింది. మీ కళాశాల బీరువాలో ఆకాశ్-2 ఒకటి పడి ఉంటే, బ్యాటరీ ఇంకా పనిచేస్తుంటే, ఇప్పుడు స్విచ్ వేసినా అది ముందు వెతికేది కార్డు కోసమే.