సూపర్ టెలీఫోటో జూమ్ కటకం

సూపర్ టెలీఫోటో జూమ్ కటకం అనగా చాలా దూరంలో ఉన్న వస్తువులను పెద్దవిగా చూపుతూ, నాభ్యంతరాన్ని కావలసినట్లు మార్చుకొనుటకు వీలు కల్పించే కెమెరా కటకం. 35 మి.మీ. ఫిల్ము పరిమాణం గల కెమెరాలలో సాధారణంగా 300 మి.మీ. లేక అంతకు మించిన నాభ్యంతరం గల కటకాలను సూపర్ టెలీఫోటో కటకాలని వ్యవహరిస్తారు. 100-400, 150-600, 200-500, 200-600 మి.మీ. కటకాలు ఈ తరగతిలోని జూమ్ కటకాలకు ఉదాహరణలు. పక్షులు, వన్యమృగాలు, క్రీడలు, విమానాలు, చంద్రుడు మొదలగు వాటిని ఛాయాచిత్రాలుగా తీయుటకు వీటిని వాడుతారు. వీటి బరువు సుమారు ఒకటిన్నర కిలోల నుండి నాలుగు కిలోల వరకు ఉంటుంది. అరుదుగా ఇంకా ఎక్కువ బరువు గలవి కూడా ఉన్నాయి. ఈ బరువును ఎలా మోస్తారు, దేనిపై ఆనిస్తారు అన్నదానిపైనే ఈ కటకాలతో తీసే చిత్రాల స్పష్టత చాలావరకు ఆధారపడి ఉంటుంది.

నాభ్యంతరం, దృశ్య కోణం

నాభ్యంతరం పెరిగే కొలది కటకం చూడగలిగే కోణం తగ్గుతుంది. 36×24 మి.మీ. సెన్సరుపై 50 మి.మీ. కటకం యొక్క కర్ణ దృశ్య కోణం సుమారు 47 డిగ్రీలు. 200 మి.మీ. వద్ద అది సుమారు 12 డిగ్రీలకు, 600 మి.మీ. వద్ద సుమారు 4 డిగ్రీలకు తగ్గుతుంది.

సెన్సరుపై ఏర్పడే ప్రతిబింబం పరిమాణాన్ని సులభంగా లెక్కించవచ్చును. వస్తువు పరిమాణాన్ని నాభ్యంతరంతో గుణించి, దూరంతో భాగిస్తే ప్రతిబింబ పరిమాణం వస్తుంది. ఉదాహరణకు సుమారు 30 సెం.మీ. పొడవుండే పాలపిట్ట 20 మీటర్ల దూరంలో ఉన్నదనుకుంటే, 600 మి.మీ. కటకం దానిని సెన్సరుపై 9 మి.మీ. పొడవుగా చూపుతుంది. ఇది చిత్రం వెడల్పులో నాలుగవ వంతు మాత్రమే. 300 మి.మీ. కటకంతో అయితే ఎనిమిదవ వంతే. పెద్ద కటకం ఉన్నంత మాత్రాన ఎంత దూరంలోని చిన్న పక్షినైనా నిండుగా చిత్రించవచ్చును అనుకోవడం పొరపాటని ఈ లెక్క తెలుపుతుంది.

సెన్సరు చిన్నదైన కెమెరాలలో దృశ్య కోణం మరింత తగ్గుతుంది. ఏపీఎస్-సి సెన్సరు గల కెమెరాపై 600 మి.మీ. కటకం, పెద్ద సెన్సరుపై 900 లేక 960 మి.మీ. కటకానికి సమానమైన కోణాన్ని ఇస్తుంది. దీని వలన కటకం నాభ్యంతరం మారదు, దృశ్యంలో మధ్య భాగం మాత్రమే నమోదవుతుంది.

బరువుకు కారణం

కటకం యొక్క ఎఫ్-సంఖ్య అనగా నాభ్యంతరాన్ని ప్రవేశ ద్వారం వ్యాసంతో భాగించగా వచ్చే సంఖ్య. కాబట్టి 600 మి.మీ. నాభ్యంతరం వద్ద ఎఫ్/6.3 అపెర్చరు కావాలంటే సుమారు 95 మి.మీ. వ్యాసం గల ద్వారం అవసరం. అదే నాభ్యంతరం వద్ద ఎఫ్/4 కావాలంటే 150 మి.మీ. కావాలి. అంత వ్యాసం గల గాజు బిళ్ళలను ముందుభాగంలో అమర్చవలసి ఉంటుంది. వ్యాసం పెరిగితే బిళ్ళ మందం కూడా పెరుగుతుంది కనుక బరువు వ్యాసం కంటే చాలా వేగంగా పెరుగుతుంది.

జూమ్ కటకాలలో నాభ్యంతరం మార్చుటకు కదిలే బిళ్ళల సముదాయాలు, వాటిని నడిపే గొట్టాలు అదనం. రంగుల అంచులను తగ్గించుటకు తక్కువ వక్రీభవన విభాజనం గల ప్రత్యేక గాజును వాడుతారు. ఫోకస్ మోటారు, కంపన నివారణ యంత్రాంగం కూడా లోపలే ఉంటాయి.

కాబట్టి ఈ కటకాల బరువు ప్రధానంగా వెలుతురుకు చెల్లించే మూల్యం. ఎఫ్/4 కటకం ఎఫ్/6.3 కటకం కంటే సుమారు రెండున్నర రెట్లు ఎక్కువ వెలుతురును సెన్సరుకు చేరుస్తుంది. ఎఫ్/4 తో 1/1000 సెకను వద్ద చిత్రం తీయగలిగిన ఉదయపు వెలుతురులో, అదే ఐఎస్ఓ వద్ద ఎఫ్/6.3 తో 1/400 సెకను మాత్రమే సాధ్యం. ఎగిరే పక్షి రెక్కలు స్పష్టంగా వచ్చుటకు ఈ తేడా చాలు. అయితే చేతిలో నిలపలేనంత బరువైన కటకంతో ఆ అదనపు వెలుతురు ఉపయోగపడదు. ఈ రెంటి మధ్య రాజీగా తయారైనవే ఎఫ్/5.6, ఎఫ్/6.3 జూమ్ కటకాలు.

చరిత్ర

నికాన్ సంస్థ 1960వ దశకంలోనే 200-600 మి.మీ. జూమ్ కటకాన్ని తయారుచేసింది. ఆనాటి కటకాలలో ఫోకస్ చేతితో చేయవలసి ఉండేది, అపెర్చరు కూడా చిన్నదిగా ఉండేది. 1998లో కెనాన్ సంస్థ కంపన నివారణ గల 100-400 మి.మీ. కటకాన్ని విడుదల చేసింది. ముందు భాగాన్ని ముందుకు తోసి, వెనుకకు లాగి దాని నాభ్యంతరాన్ని మార్చేవారు. 2000లో నికాన్ కంపన నివారణ గల 80-400 మి.మీ. కటకాన్ని ప్రవేశపెట్టింది.

2008లో సిగ్మా సంస్థ ప్రకటించిన 200-500 మి.మీ. ఎఫ్/2.8 కటకం బరువు సుమారు 15.7 కిలోలు. జూమ్, ఫోకస్ కదలికల కొరకు దీనిలో ప్రత్యేక బ్యాటరీని అమర్చారు. వెలుతురు కొరకు ఎంత బరువు మోయవలసి వస్తుందో చెప్పుటకు ఇది తరచు ఉదాహరణగా నిలుస్తుంది. 2013లో కెనాన్ విడుదల చేసిన 200-400 మి.మీ. ఎఫ్/4 కటకంలో 1.4 రెట్ల ఎక్స్‌టెండరును లోపలే అమర్చారు. దీని బరువు సుమారు 3.6 కిలోలు.

సామాన్య ఔత్సాహికులకు 600 మి.మీ. జూమ్ అందుబాటులోకి వచ్చినది 2013 తరువాత. ఆ సంవత్సరం టామ్రాన్ 150-600 మి.మీ. కటకాన్ని (సుమారు 1.95 కిలోలు) ప్రకటించింది. 2014లో సిగ్మా అదే పరిధిలో రెండు కటకాలను ప్రకటించగా, వాటిలో స్పోర్ట్స్ రకం బరువు 2.86 కిలోలు. 2015లో నికాన్ 200-500 మి.మీ. ఎఫ్/5.6 కటకం (2.3 కిలోలు), 2019లో సోనీ 200-600 మి.మీ. కటకం (సుమారు 2.1 కిలోలు) వచ్చాయి. సోనీ కటకం జూమ్ చేసినప్పుడు పొడవు మారదు. అందువలన ట్రైపాడ్‌పై దాని తులాస్థితి అంతగా చెదరదు.

కంపనం, దాని నివారణ

నాభ్యంతరం పెరిగితే వస్తువుతో పాటు చేతి వణుకు కూడా పెద్దదై కనిపిస్తుంది. కెమెరా ఒక డిగ్రీలో నూరవ వంతు మాత్రమే పక్కకు తిరిగినా, 600 మి.మీ. కటకంతో ప్రతిబింబం సెన్సరుపై సుమారు 0.1 మి.మీ. జరుగుతుంది. అడ్డంగా 6000 పిక్సెళ్ళు గల 36 మి.మీ. సెన్సరుపై ఇది సుమారు 17 పిక్సెళ్ళ మసక. 50 మి.మీ. కటకంతో అదే వణుకు ఒకటిన్నర పిక్సెలు మాత్రమే.

చేతితో పట్టుకొని తీసేటప్పుడు షట్టరు వేగం నాభ్యంతరం యొక్క విలోమం కంటే తక్కువ కాకూడదన్నది పాత సూత్రం. దాని ప్రకారం 600 మి.మీ. వద్ద 1/600 సెకను, ఏపీఎస్-సి కెమెరాపై సుమారు 1/900 సెకను కావాలి. నాలుగు స్టాపుల కంపన నివారణ ఉంటే కదలని వస్తువును 1/40 సెకను వద్ద కూడా తీసే అవకాశం ఉంటుంది. అయితే కంపన నివారణ కెమెరా కదలికను మాత్రమే సరిచేస్తుంది, పక్షి కదలికను ఆపలేదు. కొమ్మపై కూర్చున్న పక్షి తల తిప్పినా చిత్రం చెదురుతుంది. ఎగిరే పక్షులకు 1/1600 సెకను లేక అంతకంటే ఎక్కువ వేగాన్ని వాడుట పరిపాటి. ఇందుకొరకు ఐఎస్ఓ పెంచవలసి వచ్చినా వెనుకాడరు. ఐఎస్ఓ వలన కలిగే గరుకుదనాన్ని తరువాత కొంత తగ్గించవచ్చును గాని, కదలిక వలన పోయిన వివరాన్ని తిరిగి తెచ్చుట కష్టం.

ఆధారాలు

ట్రైపాడ్: బరువైన కటకాన్ని వాడునప్పుడు ట్రైపాడ్‌ను కెమెరాకు గాక కటకం చుట్టూ ఉండే పట్టీ పాదానికి బిగించాలి. కెమెరాకు బిగిస్తే బరువంతా ముందుకు వ్రాలి, కటకం కెమెరాతో కలిసే చోట ఒత్తిడి పడుతుంది. కటకాన్ని ముందుకు వెనుకకు జరిపి, మరలు వదులు చేసినా తల వాలకుండా నిలిచేచోట బిగించవలెను.

గింబల్ హెడ్: ఇది కటకాన్ని గరిమనాభి వద్ద ఊయలవలె వేలాడదీస్తుంది. మూడు కిలోల కటకాన్ని కూడా వేళ్ళతో తిప్పవచ్చును. ఎగిరే పక్షులను అనుసరించుటకు ఇది అనువైనది.

మోనోపాడ్: ఒంటి కాలి ఆధారం. చేతులపై భారాన్ని తగ్గిస్తుంది, నడుస్తూ తీసేవారికి అనుకూలం. పక్కలకు ఊగుటను పూర్తిగా ఆపలేదు.

గింజల సంచి: బియ్యం లేక చిక్కుడు గింజలు నింపిన గుడ్డ సంచి. వాహనం కిటికీ అంచుపై, గోడపై, నేలపై ఉంచి కటకాన్ని దానిపై ఆనిస్తారు. అతి తక్కువ ఖర్చుతో మంచి స్థిరత్వాన్ని ఇస్తుంది. వాహనం ఇంజను ఆపకపోతే దాని కంపనం కటకానికి చేరుతుంది.

చేతితో పట్టుకొనునప్పుడు ఎడమ అరచేతిని కటకం కింద ఉంచి, మోచేతులను ఛాతీకి ఆనించి, కెమెరాను ముఖానికి నొక్కి పట్టుకోవాలి. నడిచేటప్పుడు కెమెరాను గాక కటకం పాదాన్ని లేక కటకానికి తగిలించిన పట్టీని పట్టుకోవాలి. కొన్ని పాత కటకాలలో ట్రైపాడ్‌పై ఉన్నప్పుడు కంపన నివారణను ఆపివేయవలసి ఉంటుంది. లేకపోతే ఆ యంత్రాంగమే ప్రతిబింబాన్ని కదిలిస్తుంది.

ఫోకస్

ఈ కటకాల స్పష్టతా లోతు చాలా తక్కువ. 600 మి.మీ., ఎఫ్/6.3 వద్ద 10 మీటర్ల దూరంలోని వస్తువుకు అది సుమారు 10 సెం.మీ. మాత్రమే. పక్షి రెక్కపై ఫోకస్ నిలిస్తే కన్ను మసకబారవచ్చును. కనుక ఫోకస్ బిందువును కంటిపై ఉంచుట నియమం.

దృశ్య కోణం సన్నగా ఉండుట వలన ఆకాశంలో పక్షిని వెదకుట కొత్తవారికి కష్టం. ముందు తక్కువ నాభ్యంతరంతో పక్షిని పట్టుకొని, తరువాత జూమ్ పెంచుట సులభమైన పద్ధతి. స్థిర నాభ్యంతరం గల కటకాలకు లేని సౌకర్యమిది. దూర పరిమితి మీట ఉన్న కటకాలలో దగ్గరి దూరాలను మినహాయిస్తే ఫోకస్ త్వరగా కుదురుతుంది.

1.4 రెట్ల టెలీకన్వర్టరు ఒక స్టాపు, 2 రెట్లది రెండు స్టాపుల వెలుతురును తగ్గిస్తాయి. ఎఫ్/6.3 కటకానికి 1.4 రెట్లది తగిలిస్తే అది సుమారు ఎఫ్/9 అవుతుంది. అద్దం గల అనేక డిజిటల్ కెమెరాలలో ఆ స్థితిలో ఆటోఫోకస్ సరిగా పనిచేయదు. అద్దం లేని కెమెరాలు ఈ విషయంలో మెరుగు.

వేడి గాలి ప్రభావం

నేల వేడెక్కినప్పుడు గాలి పొరల సాంద్రత మారుతూ కాంతిని వంచుతుంది. ఇందువలన దూరపు వస్తువులు అలలవలె కదులుతూ కనిపిస్తాయి. ఎంత ఖరీదైన కటకమైనా, ఎంత స్థిరమైన ట్రైపాడ్ అయినా దీనిని నివారించలేవు. చాలామంది తమ కటకంలో లోపం ఉన్నదని భావించే మసకకు ఇది కూడా ఒక కారణం. సూర్యోదయానంతరం మొదటి గంటలలో తీయుట, వస్తువుకు దూరం తగ్గించుట మాత్రమే పరిష్కారాలు.

ఆంధ్రప్రదేశ్‌లో పక్షుల ఛాయాగ్రహణం

దొరవారిసత్రం మండలంలోని నేలపట్టు పక్షుల సంరక్షణ కేంద్రం గూడబాతులు (పెలికాన్‌లు) గూళ్ళు కట్టే ప్రసిద్ధ స్థలం. సమీపంలోని పులికాట్ సరస్సుకు శీతాకాలంలో ఫ్లెమింగోలు వస్తాయి. కొల్లేరు సరస్సు, గుంటూరు సమీపంలోని ఉప్పలపాడు, శ్రీకాకుళం ప్రాంతంలోని తేలినీలాపురం కూడా పక్షుల ఛాయాగ్రాహకులు వెళ్ళే ప్రదేశాలు. ఇటువంటి చోట్ల పెద్ద పక్షులను దూరం నుండే తీయవచ్చును. సుమారు 1.4 మీటర్ల పొడవుండే గూడబాతు 50 మీటర్ల దూరంలో ఉన్నా, 600 మి.మీ. కటకంతో చిత్రం వెడల్పులో దాదాపు సగం నిండుతుంది. గట్టు దిగి గూళ్ళ వద్దకు వెళ్ళవలసిన అవసరం లేదు.

ఈ దూరం పక్షులకు ముఖ్యం. మనుషులు దగ్గరకు వచ్చినప్పుడు తల్లి పక్షి గూడు విడిచి లేస్తే, గుడ్లు, పిల్లలు ఎండకు, కాకులకు, గ్రద్దలకు బలి కావచ్చును. పక్షి మేత మాని తల ఎత్తి చూచుట, అటూ ఇటూ కదులుట, అరచుట అది కలత చెందినదనుటకు గుర్తులు. అప్పుడు ఛాయాగ్రాహకుడు వెనుకకు జరగవలెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వన్య పక్షుల గుడ్లను, గూళ్ళను చెదరగొట్టుట కూడా వేట నిర్వచనం కిందికి వస్తుంది. అభయారణ్యాలలో ప్రవేశానికి, ఛాయాగ్రహణానికి అటవీ శాఖ నిబంధనలను పాటించాలి.

జాగ్రత్తలు

కటకాన్ని సూర్యునివైపు తిప్పి దృశ్య రంధ్రం గుండా చూచుట కంటికి శాశ్వత హాని కలిగించవచ్చును, సెన్సరు కూడా పాడుకావచ్చును. సూర్యగ్రహణం తీయుటకు తగిన సౌర ఫిల్టరును కటకం ముందు భాగంలోనే అమర్చాలి. తీర ప్రాంతాలలో ఉప్పు గాలి సోకిన కటకాన్ని శుభ్రమైన మెత్తని గుడ్డతో తుడవాలి. వర్షాకాలంలో తేమ వలన గాజుపై బూజు పట్టే ప్రమాదం ఉన్నది. గాలి చొరని పెట్టెలో సిలికా జెల్ సంచులతో భద్రపరచి, అప్పుడప్పుడు బయటకు తీసి వాడుట మంచిది. ట్రైపాడ్‌ను గాలి వీచే చోట ఒంటరిగా వదలకూడదు.

ఇవి కూడా చూడండి

కటకం
ఛాయాగ్రహణం
నేలపట్టు పక్షుల సంరక్షణ కేంద్రం
పులికాట్ సరస్సు